సమాధానం: న్యూస్ పేజీలు తెరవగానే వీడియోలు మోగడం

ఆఫీసులో న్యూస్ సైట్లు తెరవగానే వీడియోలు గట్టిగా మొదలవుతున్నాయనీ, ఏ ట్యాబ్‌దో తెలియట్లేదనీ అన్నారు కదండీ. ముందు ట్యాబ్‌ల వరుస చూడండి, మోగుతున్నదాని మీద చిన్న స్పీకర్ గుర్తు ఉంటుంది. క్రోమ్‌లో ఆ ట్యాబ్‌పై రైట్ క్లిక్ చేసి 'మ్యూట్ సైట్' నొక్కితే, ఆ సైట్ రేపు తెరిచినా నోరెత్తదు.

ఒక్కో సైట్ వెంట పడలేననుకుంటే సైట్ సెట్టింగ్స్‌లో 'సౌండ్' తెరిచి అన్నిటినీ మ్యూట్ చేసెయ్యండి. మీటింగ్‌లకు, పాటలకు వాడే సైట్లను మాత్రం అనుమతించిన జాబితాలో చేర్చండి, లేకపోతే మీటింగ్‌లో అవతలివాళ్ల మాట వినపడక టెన్షన్. నేనైతే ఈ పద్ధతే వాడమంటాను.

ఫైర్‌ఫాక్స్ 2019లో వచ్చిన 66వ వెర్షన్ నుంచే, మీరు నొక్కకుండా శబ్దంతో మొదలయ్యే వీడియోలను ఆపుతోంది. మూగ వీడియోలూ వద్దనుకుంటే 'ఆటోప్లే' సెట్టింగ్‌లో ఆడియో, వీడియో రెండూ బ్లాక్ చేయండి.