మాయా నాగరికతపై రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మధ్య అమెరికాలోని మాయా నాగరికతపై నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష చక్కగా ఉంది. అయితే మొదటి పేజీలోనే ‘అంతుచిక్కని’, ‘అదృశ్యమైపోయిన’ అనే మాటలు వరుసకట్టాయి. 2012లో యుగాంతం పేరుతో జరిగిన హడావిడి తర్వాత ఈ విషయంపై రాసేవారికి అవి అలవాటైపోయాయి. ఆ డిసెంబర్ 21న పూర్తయింది మాయా కాలగణనలో 1,44,000 రోజుల ఒక ఆవృత్తి, అంతే. మాయా నగరమైన పాలెంకేలోని ఒక శాసనమైతే క్రీ.శ. 4772 నాటి తేదీని కూడా పేర్కొంటుంది. అలాగే, పేర్ల పోలికను పట్టుకుని మాయా ప్రజలను మయసభ కట్టిన మయుడితో ముడిపెట్టిన పేరాను పూర్తిగా తీసెయ్యి. తమ రాజుల పేర్లనూ తేదీలనూ రాళ్లపై చెక్కించుకున్న జాతికి మనం కొత్తగా వంశవృక్షం కల్పించనక్కరలేదు.

ఆ రాతలను మనం ఎలా చదవగలిగామన్నదే నీ వ్యాసానికి ప్రాణం కావాలి. 1562లో మెక్సికోలోని మానీ పట్టణంలో దియేగో దె లాందా అనే క్రైస్తవ సన్యాసి మాయా గ్రంథాలను తగలబెట్టించాడు. నేడు ప్రపంచంలో మిగిలినవి నాలుగే. అదే లాందా రాసిపెట్టిన మాయా అక్షరాల పట్టిక ఆధారంగా 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నోరొజోవ్ ఆ లిపిలోని ధ్వనులను పట్టుకోగలిగాడు. అయినా శాసనాల్లో ఉన్నది పంచాంగమూ గ్రహగతులూ తప్ప మనుషుల కథ కాదని నాటి పెద్దలు చాలామంది నమ్మేవారు. 1960లో తత్యానా ప్రోస్కురియాకోవ్ అనే పరిశోధకురాలు పియెద్రాస్ నెగ్రాస్ అనే మాయా నగరపు శిలాస్తంభాలను వర్గాలుగా విడదీసి చూసి, ఏ వర్గంలోని తేదీలూ ఒక మనిషి ఆయుష్షును మించడం లేదని గమనించి, అవి రాజుల జననాలూ పట్టాభిషేకాలూ అని నిరూపించింది. ఇంతటి ఘట్టాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. దానికి ఒక పేజీ ఇవ్వు.

రాజుల దగ్గరే ఆగిపోకు. ఎల్ సాల్వడార్‌లోని హోయా దె సెరెన్ అనే పల్లె సుమారు 1400 ఏళ్ల క్రితం అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయి, 1976లో బుల్డోజర్ తగిలి బయటపడింది. కుండల్లో చిక్కుడు గింజలు, గడ్డికప్పులో దోపిన అగ్నిశిల కత్తులు అలాగే ఉన్నాయి. పైరు కుళ్లిపోగా బూడిదలో ఏర్పడిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి, మొక్కజొన్న మొక్కల ఆకారాలను కూడా రాబట్టారు. పిరమిడ్ల ఎత్తు వర్ణించిన నీ కలం ఈ వంటింట్లోనూ కాసేపు నిలవాలి.

ఇక పతనం. ఏ ప్రాంతం, ఏ కాలం అన్నది చెప్పకుండా ఆ మాట వాడకు. దక్షిణాది మహానగరం తికాల్‌లో తేదీ గల చివరి శిలాస్తంభం క్రీ.శ. 869 నాటిది. కరవులూ యుద్ధాలూ కలిసి దక్షిణపు లోతట్టు నగరాలను ఖాళీ చేయిస్తున్న ఆ రోజుల్లోనే ఉత్తరాన చిచెన్ ఇట్జా నగరం బలపడుతోంది. మాయా ప్రజల చివరి స్వతంత్ర రాజధాని నోజ్‌పెతెన్ 1697 వరకూ స్పెయిన్‌కు లొంగలేదు. గ్వాటెమాలా, మెక్సికోలలో లక్షలాదిమంది నేటికీ మాయా భాషలు మాట్లాడుతున్నారు. నీ చివరి అధ్యాయం క్రీ.శ. 900తో ముగిసింది. దాన్ని వారి దాకా తీసుకువచ్చి, ఆ ప్రతిని నాకు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి