పోలీసు వేలంలో బండి కొనే ముందు

ప్రశ్న: తాగి బైకు నడుపుతూ రెండోసారి దొరికాను. బండిని వేలం వేసేస్తారా? అమెరికాలో అలాగే చేస్తారని మా బంధువులు అంటున్నారు.
– పాఠకుడు, ఆదోని

జవాబు: అంతమాత్రాన వేలం వేయరు. మిన్నెసోటా లాంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లో పదేపదే తాగి నడిపేవాళ్ల బండిని జప్తు చేసి అమ్మే చట్టాలున్నాయి. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో ఆ శిక్ష లేదు. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోసారైతే 15,000, జైలు రెండేళ్ల దాకా. కోర్టు పని ముగించుకుని, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ చూపించి బండి విడిపించుకోండి.

పాత బండి జరిమానా అంత విలువ కూడా చేయదని కొందరు స్టేషన్ వైపే రారు. అలా స్టేషన్లో మిగిలినవాటిలో యజమాని తెలియని బండి అయితే కోర్టు ప్రకటన ఇచ్చి ఆరు నెలలు గడువు పెడుతుంది. అప్పటికీ ఎవరూ రాకపోతే అమ్మకానికి దారి తెరుచుకుంటుంది. అక్రమ మద్యం రవాణాలో దొరికి జప్తయిన బండ్లది వేరే దారి, వాటిని ఎక్సైజ్ శాఖ వేలం వేస్తుంది.

ప్రశ్న: అనంతపురంలో వేలం ప్రకటన చూశాను. బైకులో ఏం చూసుకోవాలి?
– పాఠకుడు, గుత్తి

జవాబు: ముందు ప్రకటన చదవండి. ‘తుక్కు కింద’ అని రాసి ఉంటే ఆ బండి మీ పేరుకు మారదు, విడిభాగాలకే పనికొస్తుంది. ఎంత చవకైనా తిరగడానికి కొనకండి. ధరావతు (పాటకు ముందు కట్టే డిపాజిట్) ఎంత, జీఎస్టీ అదనమా, మిగతా డబ్బు ఎన్ని రోజుల్లో కట్టాలి అన్నవి కూడా అందులోనే ఉంటాయి.

చూసుకోవడానికి ఇచ్చిన రోజున టార్చి, కిరోసిన్ గుడ్డ, కాగితం, పెన్సిల్ తీసుకెళ్లండి. చాసిస్ నంబరు మీద దుమ్ము తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు పడతాయి. వాటిని ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఉన్న బండి వివరాలతో పోల్చండి. నంబరు చెరిపినట్టు అక్కడ గ్రైండింగ్ గీతలు కనిపిస్తే పాట జోలికి పోవద్దు. ఫైనాన్స్ బాకీ చూపిస్తున్నా, బ్లాక్‌లిస్టులో ఉన్నా అధికారిని అక్కడే అడగండి.

స్టార్ట్ చేయనివ్వకపోయినా కిక్‌ను చేత్తో నొక్కి చూడొచ్చు. అసలు కదలకపోతే ఇంజన్ పట్టేసింది, బోరు పని (సిలిండర్ మరమ్మతు) తప్పదు. కంప్రెషన్ లేకుండా తేలిగ్గా జారిపోతే రింగులో, వాల్వులో పోయాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలరంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. సీటు కింద ఎలుకలు కొరికిన వైర్లు, ట్యాంకులో తుప్పు, టైర్ల పక్కల పగుళ్లు కూడా చూడండి. ఎండలో ఏళ్ల తరబడి నిలిచిన బండికి టైర్లు, ట్యూబులు, బ్యాటరీ ఖర్చు కలుపుకునే పాట పెట్టాలి. పోటీలో పడి మార్కెట్ ధర దాకా వెళ్లేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

ఇంటికి తెచ్చాక వెంటనే కిక్ కొట్టొద్దు. ప్లగ్ తీసి సిలిండర్లో పది మి.లీ. ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా ఉంచండి. పాత పెట్రోలు పారబోసి కార్బురేటర్ కడిగించండి.

ప్రశ్న: వేలంలో కొన్న బండిని నా పేరుకు మార్చుకోవడం ఎలా?
– పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: బండి చేతికొచ్చిన 30 రోజుల్లో ఫారం 32 పెట్టాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్‌లతో పాటు రెండు కాగితాలు కీలకం: వేలం అధికారి సంతకంతో మీ పేరిట అమ్మకం ఖరారు చేసిన పత్రం, వేలానికి అనుమతిచ్చిన ఉత్తర్వు ధ్రువీకరించిన నకలు. మొదటిదే తీసుకుని వచ్చేసేవాళ్లు ఎక్కువ, తర్వాత రెండోదాని కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. డబ్బు కట్టిన రోజే అడిగి తీసుకోండి. నంబరు ప్లేటు లేకపోయినా, దొంగ నంబరని తేలినా మార్గం ఉంది. ముందు వేలం వేసిన శాఖ పేరిట కొత్త నంబరు ఇచ్చి, ఆపై మీ పేరుకు మారుస్తారు.

ప్రశ్న: కర్ణాటక నంబరు బండి కొనొచ్చా?
– పాఠకుడు, ఆలూరు

జవాబు: కొనొచ్చు. కానీ అక్కడి రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ కొత్త నంబరు, ఆంధ్రప్రదేశ్ లైఫ్ ట్యాక్స్ అన్నీ మీ నెత్తినే పడతాయి. ఆ ట్యాక్స్ ఎంతో ఆర్టీఏలో కనుక్కుని, అంత మేర పాట తగ్గించుకోండి.