మొదటి పేపర్ పంపబోయే అమ్మాయికి

చి. సుమతికి,

ఆశీస్సులు. ఈ ఏడాదే మొదటి పరిశోధన పేపర్ జర్నల్‌కు పంపుతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. పంపేముందు వేరేవాళ్ళ రాతతో పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి వేసి, పోలిక పది శాతం లోపు వస్తే చాలన్న మాట నీ ల్యాబ్‌లో ఈపాటికి వినే ఉంటావు. దాన్ని నమ్ముకోకు. నోట్సు రాసుకునేటప్పుడు, జెల్ (డీఎన్ఏనో ప్రోటీన్లనో విడదీసి చూసే పలక) ఫోటోకి పేరు పెట్టేటప్పుడు, ఎవరి పేరు ఎక్కడుండాలన్న సంగతి మొహమాటపడి దాటేసినప్పుడు పేపర్ చెడిపోవడం మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి సరిదిద్దడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నోట్సు దగ్గర మొదలుపెడతాను. యథాతథంగా ఎత్తి రాసుకున్న ప్రతి వాక్యానికీ కొటేషన్ గుర్తులు పెట్టి, పక్కన పేజీ నంబరు వెయ్యి. నీ సొంత మాటలు వేరే రంగులో రాసుకో. రెండూ కలిసిపోతే ఆరు నెలల తర్వాత ఏది నీదో, ఏది వాళ్ళదో నీకే తెలియదు. కాపీ కొట్టాలన్న ఉద్దేశం లేని పిల్లలు కూడా ఇరుక్కునేది ఇక్కడే. ఇంకొకరి వాక్యాన్ని ఎదురుగా పెట్టుకుని ఒక్కో పదం మార్చుకుంటూ పోవడం కూడా గ్రంథచౌర్యమే. సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోయినా, జర్నల్ తరఫున పేపర్ పరిశీలించే, ఆ రంగంలోనే పనిచేసే రివ్యూయర్ ఇట్టే పోల్చేస్తాడు. పేపర్ మూసెయ్యి, అందులో నీకు అర్థమైంది రెండు మూడు వాక్యాల్లో రాయి, మళ్ళీ తెరిచి అంకెలు సరిచూసుకో. మూసేస్తే రాయలేకపోతున్నావంటే ఆ పేపర్ ఇంకోసారి చదవాలన్నమాట.

గ్రంథచౌర్యం మీద యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో పెట్టిన నిబంధనల్లోని శాతాలు తెలుసుకో. థీసిస్‌లో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య అయితే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారాలు చూపి ఉటంకించినవి, రిఫరెన్సులు, ప్రామాణిక సమీకరణాలు, వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసే మాటలు ఈ లెక్కలోకి రావు. కానీ ఆ అంకె కొలిచేది పోలికను మాత్రమే. పద్ధతుల భాగంలో అక్కడక్కడ తగిలే మామూలు వాక్యాలకన్నా, చర్చ భాగంలో ఒకే చోటి నుంచి దిగిన పేరా చాలా ప్రమాదం, అది 4 శాతమే అయినా. కాబట్టి అంకె చూసి ఊరుకోక రిపోర్టు మొత్తం తెరిచి, ఏ వాక్యం దేనితో కలిసిందో ఒక్కొక్కటీ చదువు. ఇంకో జాగ్రత్త: చిత్తుప్రతిని నెట్‌లో దొరికిన ఏదో ఉచిత సైటులో వెయ్యకు. మీ లైబ్రేరియన్ దగ్గరికే వెళ్ళు, నీ చిత్తుప్రతి ఆ సాఫ్ట్‌వేర్ డేటాబేస్‌లో నిల్వ కాకుండా పెట్టమని అడుగు. నిల్వైపోతే రేపు జర్నల్ వాళ్ళు పరీక్షించినప్పుడు నీ పేపర్ నీ పేపర్‌తోనే కలిసిపోయి కనిపిస్తుంది.

డేటా విషయం కొంచెం వివరంగా రాస్తాను, పెద్ద నష్టాలు జరిగేది అక్కడే. కుట్టిన నోట్‌బుక్ వాడు, పేజీలకు నంబర్లుండాలి, పెన్నుతో రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వెయ్యి. వైట్‌నర్ పుయ్యకు, పేజీ చింపకు. యంత్రం నుంచి వచ్చిన ఫైలును ఉన్నదున్నట్టు ఒక ఫోల్డర్లో పెట్టి, ఎవరూ మార్చలేని విధంగా తాళం వెయ్యి. లెక్కలన్నీ దాని నకలు మీదే చెయ్యాలి. ఒక ప్రతి ల్యాబ్ కంప్యూటర్లో, ఒకటి బయటి డ్రైవ్‌లో, ఒకటి విశ్వవిద్యాలయ సర్వర్లో ఉంచు. ఫైలు పేరులో తేదీ, నమూనా, ఎన్నోసారి చేసింది ఉండాలి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’ లాంటి పేర్లు పెడితే ఒక ప్రయోగం జెల్ ఇంకో ప్రయోగం చిత్రంలోకి వచ్చి కూర్చుంటుంది. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 2016లో 20,621 జీవశాస్త్ర పేపర్లలో బొమ్మలు పరిశీలిస్తే 3.8 శాతం పేపర్లలో ఒకే బొమ్మను తగని చోట మళ్ళీ వాడినట్టు కనిపించింది. అందులో కావాలని చేసినవెన్నో, పొరపాటున జరిగినవెన్నో బొమ్మ ఒక్కటే చూసి ఖచ్చితంగా చెప్పలేం. రికార్డు లేకపోతే నీది పొరపాటేనని నిరూపించుకునే దారి కూడా ఉండదు.

కాంట్రాస్ట్ పెంచితే బొమ్మ మొత్తానికీ పెంచు. జెల్‌లో కనిపించే ఒక బ్యాండ్ (పట్టీ) చుట్టూ మాత్రమే చెయ్యకు. మధ్యలో లేన్లు (నమూనాల నిలువు వరసలు) తీసేస్తే అక్కడ గీత కనబడాలి, చిత్రం కింద ఆ సంగతి రాయాలి. అసలు ఫైలు ఎప్పుడడిగినా ఇవ్వగలగాలి. ఇక రెప్లికేట్లు, అంటే ఒకే ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ చెయ్యడం. ఒకే ఫ్లాస్కు నుంచి మూడు వెల్స్‌లో (పలకలోని చిన్న గుంటల్లో) పోసి మూడుసార్లు కొలిస్తే అది మూడు ప్రయోగాలు కాదు, ఒక్క ప్రయోగాన్ని మూడుసార్లు కొలిచినట్టు. వేరువేరు రోజుల్లో, వేరువేరుగా పెంచిన కల్చర్లతో చేస్తేనే మూడని రాయి. ఈ ఒక్క తేడా దాచడం వల్ల ఎర్రర్ బార్లు (గ్రాఫులో కొలతల హెచ్చుతగ్గులు చూపే గీతలు) చిన్నవైపోయి లేని ఫలితం ఉన్నట్టు కనిపిస్తుంది, దాన్ని నమ్ముకుని ఇంకో ల్యాబ్‌లో ఇంకో పిల్ల ఏడాది పోగొట్టుకుంటుంది. ఏ విలువలు తీసెయ్యాలో, ఏ గణాంక పరీక్ష వాడాలో ప్రయోగం మొదలుపెట్టకముందే నోట్‌బుక్‌లో రాసి తేదీ వెయ్యి. తీసేసినవి ఎన్నో, ఎందుకో పేపర్లో చెప్పు. నాలుగు రకాల టెస్టులు చేసి, ఫలితం ఉందనడానికి గీతగా వాడే 0.05 లోపు వచ్చినది ఒక్కటే చూపించడం మోసం అమ్మా, దానికి ఎంత ముద్దు పేరు పెట్టినా.

రచయితల పేర్లు. మన దగ్గర అందరూ భయపడే విషయం ఇదే, నాకు తెలుసు. వైద్యపత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం చెప్పే నాలుగు షరతులు చాలా సైన్సు జర్నళ్ళకూ కొలబద్ద: ఆలోచనలోనో డేటాలోనో విశ్లేషణలోనో గట్టి పని చేసి ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతికి ఒప్పుకుని ఉండాలి, పేపర్లో దేనిమీద ప్రశ్న వచ్చినా జవాబుదారీ కావాలి. నాలుగూ కావాలి, ఒకటి చాలదు. డబ్బు తెచ్చినందుకో, యంత్రం వాడుకోనిచ్చినందుకో, శాఖాధిపతి అయినందుకో రచయిత అయిపోరు. వాళ్ళను అడిగి కృతజ్ఞతల్లో పేరు రాయి.

ప్రయోగాలు మొదలైన నెలలోనే ఒక పట్టిక గీసి, ఎడమవైపు పనులు, పైన పేర్లు రాయి. రచయితల్లో ఎవరేం చేశారో చెప్పే క్రెడిట్ (CRediT) పద్ధతిలో 14 రకాల పనులున్నాయి, అవే వాడుకో. మూడు నెలలకోసారి గైడ్‌తో కూర్చుని సరిచూసుకో. చివర్లో సంబంధం లేని పేరు చేర్చమంటే గొడవ పడకుండా, ‘మేడమ్, జర్నల్ వాళ్ళు ఒక్కొక్కరు చేసిన పని విడిగా రాయమంటున్నారు, ఆయన పేరు పక్కన ఏం రాయమంటారు?’ అని అడుగు. చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. ఆగకపోతే ఆ పట్టికను ఈమెయిల్లో మర్యాదగా పంపి ఉంచు, రాతలో ఉండడం నీకు రక్ష. నీ విశ్వవిద్యాలయంలో అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్ (ఇలాంటి ఫిర్యాదులు చూసే సంఘం) ఉండి తీరాలి, దాని సభ్యులెవరో ముందే కనుక్కుని పెట్టుకో. ‘మొదటి రచయితకు ఇంత, రెండో రచయితకు ఇంత’ అని వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో తిరిగే ప్రకటనల జోలికి వెళ్ళకు. హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నళ్ళ నుంచి 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. అలాంటి కొనుగోలు సరుకు, నకిలీ రివ్యూలు వాటిలో చాలా ఉన్నాయి.

జర్నల్ ఎంపిక ఇప్పుడు నీమీదే పడింది. 2022 నవంబరు నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు, థీసిస్ ఇచ్చేముందు పేపర్ అచ్చవ్వాలన్న షరతు తీసేశాయి. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏమన్నా పెట్టిందేమో చూసుకో, లేకపోతే తొందరపడనక్కరలేదు. యూజీసీ నడిపిన ఆమోదిత జర్నళ్ళ జాబితా, కేర్, 2025లో రద్దయింది. కాబట్టి నువ్వే పరీక్షించాలి. ఐఎస్ఎస్ఎన్ (జర్నళ్ళకిచ్చే గుర్తింపు సంఖ్య) పోర్టల్‌లో నంబరు కొట్టి పేరు, సైటు చిరునామా కలుస్తున్నాయో చూడు, ఎందుకంటే మంచి జర్నల్ పేరుతోనే నకిలీ సైట్లు నడుస్తున్నాయి. పాత సంచికలోని మూడు పేపర్ల డీఓఐలు (ఒక్కో పేపర్‌కుండే శాశ్వత లింకులు) తెరువు. సంపాదకవర్గంలో ఇద్దరి సొంత విశ్వవిద్యాలయ పేజీలకు వెళ్ళి ఈ జర్నల్ ప్రస్తావన ఉందేమో వెతుకు. స్కోపస్ (జర్నళ్ళ డేటాబేస్) లో ఉందంటే ఎప్పటివరకు ఉందో చూడు, అందులోంచి తీసేసినవి చాలా ఉన్నాయి. మూడు రోజుల్లో ఆమోదం, ఒకే సంచికలో ఆయుర్వేదమూ సివిల్ ఇంజినీరింగూ, ఆమోదించాక బయటపడే ఫీజు: ఏ ఒక్కటి కనబడినా వెనక్కి రా. మన హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ గ్రూప్‌పై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వేసిన కేసులో ఇలాంటి ఆరోపణలే: సరైన రివ్యూ లేకపోవడం, ఫీజు ముందు చెప్పకపోవడం, పెద్దల పేర్లు అనుమతి లేకుండా వాడుకోవడం. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. ఒకవేళ చిక్కుకుంటే కాపీరైట్ పత్రం మీద సంతకం పెట్టకు, డబ్బు కట్టకు, ఉపసంహరించుకుంటున్నట్టు రాతపూర్వకంగా పంపి ఆ ఈమెయిల్ దాచుకో.

ఒకేసారి రెండు జర్నళ్ళకు పంపకు. ఒకే రివ్యూయర్ దగ్గరికి రెండువైపుల నుంచీ రావడం వింతేమీ కాదు. కాన్ఫరెన్సులో ఇచ్చిన భాగం ఉంటే కవర్ లెటర్‌లోనే చెప్పు. చదవని పేపర్‌ను ఉదహరించకు, చదివినదైనా వెనక్కి తీసుకున్నారేమో చూసుకో. జొటేరో (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే అలాంటివాటికి హెచ్చరిక అదే చూపిస్తుంది. ఏఐ సాధనంతో భాష దిద్దించుకుంటే జర్నల్ నిబంధన చదివి ఆ మాట ప్రకటించు. అది ఇచ్చిన రిఫరెన్సులు మాత్రం డీఓఐ తెరిచి చూడకుండా ఒక్కటీ పెట్టకు, లేని పేపర్లను ఉన్నట్టే రాసిస్తుంది.

అచ్చయ్యాక తప్పు కనబడితే దాచుకోకు. ముందు గైడ్‌కు, సహరచయితలకు చెప్పి, ఏ పట్టికలో ఏ అంకె తప్పో, సరైనదేమిటో, నిర్ధారణ మారుతుందో లేదో ఒక పేజీలో రాసి సంపాదకుడికి పంపండి. నిర్ధారణ నిలిస్తే సవరణ వేస్తారు, నిలవకపోతే పేపర్ వెనక్కి తీసుకుంటారు. మీరే అడిగి తీసుకున్నట్టు ఆ నోటీసులో రాయమని కోరవచ్చు.

ఆ రచయితల పట్టిక ఈ ఆదివారంలోపు గీసి నాకు పంపు. మీ మేడమ్‌తో మాట్లాడేముందు ఒకసారి చూసి ఇస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న