పోల్ బార్న్‌లో సైకిళ్ల లిఫ్ట్: ఎక్కడ ఖర్చు తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

ప్రశ్న: అన్నా, ఒహాయోలో ఊరి బయట ఇల్లు కొన్నాం. వెనక పోల్ బార్న్ (స్తంభాలు పాతి కట్టిన పెద్ద షెడ్) ఉంది, ట్రస్ (పైకప్పును మోసే చెక్క చట్రం) కింద 12 అడుగుల ఎత్తు. నాలుగు సైకిళ్లు నేలంతా ఆక్రమించి కారు పెట్టుకోనివ్వడం లేదు. పైకి లాగి వేలాడదీసే కిట్లు ముప్పై డాలర్లకే కనిపిస్తున్నాయి. నాలుగు కొనేయనా? లేక సొంతంగా ఏమైనా కట్టుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, నాలుగు కిట్లు నూట ఇరవై డాలర్లు. కానీ ఆ కిట్ మామూలు గరాజ్ కోసం చేసింది. అక్కడ సీలింగులో ప్రతి 16 లేదా 24 అంగుళాలకు ఒక చెక్క దొరుకుతుంది. నీ బార్న్‌లో ట్రస్‌కీ ట్రస్‌కీ మధ్య 4 అడుగులో 8 అడుగులో ఖాళీ. కిట్‌లోని గిలకలు బిగించడానికి అక్కడ ఏమీ ఉండదు, ఎలాగూ చెక్క కొనాల్సిందే. పైగా కిట్‌తో వచ్చేది సన్నని నైలాన్ తాడు. పల్లె బార్న్‌లో ఎలుకలుంటాయి, చలికాలం అవి తాడు కొరుకుతాయి. అందుకే నా మాట: ఒకే ప్లాట్‌ఫారం, నాలుగు మూలలా ఉక్కు కేబుల్, గోడ స్తంభానికి చేతి వించ్ (హ్యాండిల్ తిప్పి కేబుల్ చుట్టే యంత్రం). అన్నీ కలిపి మూడు నాలుగు వందల డాలర్లలో అవుతుంది. మోటారు లిఫ్ట్ జోలికి పోకు, ఏడాదికి పదిసార్లు తిప్పే దానికి అంత డబ్బు దండగ.

ముందు బరువు లెక్క. మామూలు సైకిల్ 30 పౌన్లు, నాలుగు కలిపి 120. ప్లాట్‌ఫారం 70. మొత్తం 190, మనం 200 అనుకుందాం. ఈ-బైక్ ఉంటే అదొక్కటే 50 నుంచి 70 పౌన్లు. దాన్ని నేల మీదే ఉంచు.

ఈ 200 పౌన్లు దేనికి వేలాడతాయన్నదే అసలు ప్రశ్న. పోల్ బార్న్ పుట్టిందే పొదుపు కోసం. 1930ల మాంద్యంలో డబ్బులేని రైతులు పాత కరెంటు స్తంభాలు పాతి షెడ్లు కట్టుకున్న పద్ధతి అది. ఇప్పటి ట్రస్‌లోనూ పైకప్పుకీ మంచుకీ సరిపడా చెక్కే ఉంటుంది, కింది కమ్మీకి (ట్రస్ అడుగున అడ్డంగా ఉండే చెక్కకి) అదనపు బలం ఉండకపోవచ్చు. ట్రస్ డ్రాయింగులో బి.సి.డి.ఎల్. (బాటమ్ కార్డ్ డెడ్ లోడ్) అనే అంకె ఉంటుంది, కింది కమ్మీ చదరపు అడుగుకు ఎంత మోయగలదో చెప్పేది అదే. సీలింగు లేకుండా అమ్మిన బార్న్‌లో అది చాలా చిన్న అంకె. డ్రాయింగు లేకపోతే ట్రస్ మీద ముద్రించిన కంపెనీకి ఫోన్ చేయి, అడగడానికి డబ్బులేం పోవు. పర్మిట్ సంగతి కౌంటీ ఆఫీసులో, ఇన్సూరెన్స్ సంగతి ఏజెంటు దగ్గర కనుక్కో.

మోస్తుందని తేలితేనే ఇలా చేయి. 10 అడుగుల 2×8 చెక్కలు నాలుగు తెచ్చుకో. రెండేసి జోడించి రెండు దూలాలు చేయి. అన్నట్టు, ఇక్కడ 2×8 అంటే నిజానికి ఒకటిన్నర అంగుళం మందం, ఏడుంబావు అంగుళాల వెడల్పు. 2×4 అంటే ఒకటిన్నర, మూడున్నర. కొత్తవాళ్లు పేరులోని కొలత పట్టుకుని కోసేసి, మళ్లీ షాపుకి పరిగెడతారు. రెండు దూలాల్నీ 5 అడుగుల ఎడంతో, పక్కపక్కనున్న రెండు ట్రస్‌ల కింది కమ్మీల పైన, వెడల్పు నిలువుగా ఉండేలా ఆనించాలి. కమ్మీ కిందనుంచి స్క్రూలతో వేలాడదీయొద్దు. పైన కూర్చుంటే బరువు చెక్క మీద పడుతుంది, కింద వేలాడితే స్క్రూ కొనమీద పడుతుంది. ట్రస్‌లో ఏటవాలు కర్రలొచ్చి కలిసే జాయింటుకు ఎంత దగ్గరైతే అంత మంచిది. రెండు జాయింట్ల నడిమధ్య బరువు పెడితే కమ్మీ వంగుతుంది. ట్రస్‌ని కోయడం, దానికి బెజ్జం వేయడం అసలు వద్దు. దూలం జారకుండా అటూ ఇటూ చెక్క దిమ్మెలు బిగిస్తే చాలు.

మోయదంటే నాలుగు స్తంభాలతో విడిగా చట్రం కట్టుకోవాలి. ఇంకో నూట యాభై అవుతుంది. అక్కడ పిసినారితనం చూపించకు.

ఇప్పుడు గిలకలు. ఒక్కో మూలలో 50 పౌన్లే కదా అనుకుంటారు. కానీ కేబుల్ కిందనుంచి వచ్చి అడ్డంగా మళ్లుతుంది కాబట్టి గిలక మీద నిలువుగా 50, అడ్డంగా 50 పడతాయి, కలిపితే ఏటవాలుగా 70. నాలుగు కేబుళ్లూ కలిసి కిందికి మళ్లే గోడ దగ్గరి గిలకల మీద 280 దాకా పడుతుంది. తీగ వంచి చేసిన చవక ఐబోల్టు (తలకు బదులు రింగు ఉండే బోల్టు) ఇక్కడే తెరుచుకుంటుంది. రింగు మొదట్లో భుజం ఉన్న ఫోర్జ్‌డ్ (ఉక్కును కాల్చి కొట్టి చేసిన) ఐబోల్టు కూడా 45 డిగ్రీల ఏటవాలులో తన బలంలో మూడో వంతు కూడా ఇవ్వదు. అందుకని 3/8 అంగుళాల ఫోర్జ్‌డ్ బోల్టు దూలంలోంచి ఆరపార దింపి, పెద్ద వాషర్ వేసి నట్టు బిగించు. గోడ గిలకలకీ స్తంభంలోంచి ఆరపార బోల్టులే. డ్రైవాల్ స్క్రూలు (జిప్సం గోడ పలకలకు వాడేవి) పెళుసు, ఈ పనిలో వాటి తలలు ఊడొస్తాయి.

కేబుళ్లు ట్రస్‌కి సమాంతరంగా పక్కగోడ వైపు వెళ్లాలి. ట్రస్‌కి అడ్డంగా లాగితే అది పక్కకి ఒరుగుతుంది. ప్లాట్‌ఫారం మధ్యకు ఎదురుగా స్తంభం లేకపోతే, రెండు స్తంభాల మధ్య జోడు 2×8 అడ్డంగా బిగించి, దాని నడిమికి గిలకలు పెట్టు. గోడ వైపు దూలానికి జోడు గిలకలు వేస్తే, అవతలి మూలల కేబుల్ రెండో గాడిలోంచి ఒరుసుకోకుండా వెళ్తుంది. గిలకలు కేబుల్ దిక్కుకి తిరిగే రకం కావాలి.

కేబుల్ 1/8 అంగుళం, గాల్వనైజ్డ్, 7×19 అల్లిక (ఏడు పాయలు, ఒక్కో పాయలో 19 పోగులు), 100 అడుగుల చుట్ట. తెగే బలం 2,000 పౌన్లు, పనిలో 400 దాటనివ్వకూడదు. గిలక చక్రం కనీసం రెండుంబావు అంగుళాలు ఉండాలి. చిన్న చక్రం చవకే, కానీ దాని మీద వంగి వంగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. కోసే ముందు టేపు చుట్టి, కేబుల్ కట్టర్‌తోనే కోయి, లేకపోతే కొస విచ్చుకుంటుంది. మలుపులో థింబుల్ (కేబుల్ నలగకుండా కాచే లోహపు గాడి) పెట్టి, కొసను మూడుంబావు అంగుళాలు వెనక్కి మడిచి రెండు క్లిప్పులు వేయి. క్లిప్పులోని యు బోల్టు మడిచిన కొస వైపు, గాడి ఉన్న దిమ్మె బరువు మోసే వైపు ఉండాలి. తిప్పి వేస్తే యు బోల్టు బరువు మోసే తీగనే నలిపేస్తుంది. బిగింపు నాలుగున్నర ఫుట్-పౌన్లు, మొదటి బరువు మోశాక మళ్లీ ఒకసారి.

నాలుగు కేబుళ్లూ ఒకే ఉక్కు రింగుకు చేరాలి, అప్పుడే అన్నీ ఒకే దూరం కదిలి ప్లాట్‌ఫారం మట్టంగా లేస్తుంది. మూలల్లో టర్న్‌బకిల్ (తిప్పితే పొడవు మారే బిగింపు) పెడితే అంగుళం అటూ ఇటూ సర్దుకోవచ్చు. రింగు నుంచి వించ్‌కి 3/16 కేబుల్. చాలామంది చూసుకోనిది ఇక్కడుంది: ప్లాట్‌ఫారం 7 అడుగులు లేవాలంటే రింగు కూడా 7 అడుగులు దిగాలి. గోడ గిలక పదకొండున్నర అడుగుల దగ్గరుంటే వించ్ మూడున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. నడుము వంగకుండా తిప్పుకోవచ్చని ఐదడుగుల దగ్గర పెడితే, సైకిళ్లు నీ తలకు తగిలే ఎత్తులోనే ఆగిపోతాయి.

వించ్ దగ్గర మాత్రం పైసా తగ్గించకు. ట్రైలర్లకు వాడే రాచెట్ (పళ్ల చక్రం) వించ్ ముప్పై నలభై డాలర్లకు వస్తుంది. దించేటప్పుడు పట్టు జారితే దాని హ్యాండిల్ గిర్రున తిరిగి మణికట్టు విరుస్తుంది. ఎమర్జెన్సీ రూమ్ బిల్లు వచ్చిందంటే, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలెట్టేలోపు మనమే కట్టాల్సిన మొత్తం) దాటేదాకా నీ జేబే. బ్రేక్ వించ్ కొను, నూరు డాలర్ల పైమాటే. హ్యాండిల్ వదిలేసినా ఉన్నచోటే ఆగుతుంది. అయితే ఆ బ్రేక్ పట్టడానికి కనీస బరువు ఉండాలి, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఖాళీ ప్లాట్‌ఫారం అంతకంటే తేలికైతే రెండు అంచులకీ చెక్క ముక్కలు బిగించు. వించ్‌లో కేబుల్ చుట్టుకునే డ్రమ్ మీద ఎప్పుడూ మూడు చుట్లైనా మిగలాలి.

ప్లాట్‌ఫారం 6 అడుగులు, 5 అడుగులు. 2×4 చట్రం, పైన చక్రాలకు 1×6 పలకలు నాలుగు, అంచులకు సన్నని 1×2 బద్దెలు. ప్లైవుడ్ పరిస్తే ఊరికే బరువు. సైకిళ్లను ఒకటి అటు ఒకటి ఇటు తిప్పి పెడితే హ్యాండిళ్లు అడ్డం పడవు, మధ్య 15 అంగుళాలు చాలు. పైకెత్తాక దూలాల నుంచి నాలుగు గొలుసులు వేలాడదీసి మూలలకు తగిలించు. 3/16 గ్రేడ్ 30 గొలుసు ఒక్కోటి 800 పౌన్లు మోస్తుంది. ఆ తర్వాత బరువు గొలుసుల మీదే ఉండాలి, వించ్ మీద కాదు. కదిలేటప్పుడు కింద పిల్లలుండకూడదు, దాని మీద ఎక్కి ఊగడం అసలే కూడదు.

సైకిళ్లు పెట్టకముందు ఇసుక బస్తాలతో చూడు. 50 పౌన్లవి నాలుగు పెట్టి, అడుగు ఎత్తు లేపి, రాత్రంతా వదిలేయి. ప్రతి క్లిప్పు పక్కన కేబుల్ మీద మార్కర్‌తో గీత గీస్తే పొద్దున్నే జారిందో లేదో తెలుస్తుంది. దూలం కూర్చున్న చోట ట్రస్ కమ్మీ వంగిందేమో దారం లాగి చూడు. ఇసుక ఎక్కడికీ పోదులే, జనవరిలో డ్రైవ్‌వే మీద మంచు గడ్డకట్టినప్పుడు చల్లుకుంటావు.