చిట్టి టాంకులకు ఇంటి పనితనం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

చిన్న స్కేలు సైనిక వాహనాల నమూనాల గురించి ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలలో చాలావరకు ఒకే సంగతిని అడుగుతున్నాయి. కిట్‌లో (అతికించుకునే ప్లాస్టిక్ విడి భాగాలతో వచ్చే పెట్టెలో) లేని, లేదా ఉన్నా మొరటుగా ఉన్న చిన్న భాగాలను ఇంట్లో ఎలా చేసుకోవాలన్నదే ఆ ప్రశ్న. వాటిలో అయిదింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: 1/72 స్కేలులో, అంటే అసలు కొలతలో 72వ వంతుగా, టి-55 టాంకు కడుతున్నాను. టరెట్ (ఫిరంగితో పాటు తిరిగే పైభాగం) మీది పట్టుకమ్ములు విడిగా లేవు, ప్లాస్టిక్ గట్లలాగా టరెట్‌తో కలిసిపోయి ఉన్నాయి. విడిగా అమ్మే ఇత్తడి రేకు భాగాల సెట్టు ధర కిట్ ధరను మించిపోయింది. ఇంట్లో దొరికే వస్తువులతో వీటిని చేసుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకుడు, కావలి)

తప్పకుండా చేసుకోవచ్చు. పట్టుకమ్ముల విషయంలో ఇత్తడి రేకు కంటే రాగి పోగే మేలు. రేకులో కోసిన కమ్మి చదునుగా ఉంటుంది, అసలు టాంకు మీది కమ్మి గుండ్రంగా ఉంటుంది. అయితే ఏదైనా కొనే ముందు, ఏ భాగాన్నైనా చెక్కే ముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. అసలు వస్తువు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని 72తో భాగించండి, మీ చేతిలోని వస్తువు మందాన్ని 72తో హెచ్చించండి. కిట్‌లో ఫెండర్ (మడ్‌గార్డు) అంచు ఒక మిల్లీమీటరు మందం ఉందంటే, అసలు టాంకు మీద అది ఏడు సెంటీమీటర్లకు పైగా మందమున్న ఉక్కు దిమ్మె అయినట్టు. అసలు ఫెండర్ మాత్రం కొద్ది మిల్లీమీటర్ల రేకు. చిన్న నమూనా ఆటబొమ్మలా కనబడుతోందంటే భాగాలు తక్కువై కాదు, ఉన్న భాగాలు మందంగా ఉండబట్టే అని నా గట్టి నమ్మకం. అందుకే కొత్తవి చేర్చే పనికంటే ముందు ఉన్నవాటిని పలుచన చేసే పని పెట్టుకోండి. ఫెండర్ మొత్తాన్ని అరగదీయనవసరం లేదు. కంటికి కనిపించే అంచును కింది వైపు నుండి బ్లేడుతో ఏటవాలుగా గీకి, సన్నని వాటర్ పేపరుతో నునుపు చేస్తే చాలు, పైనుండి చూసేవారికి అది రేకులాగే అగుపిస్తుంది.

ఇక పట్టుకమ్ముల సంగతి. ఇళ్లలో వాడే మెత్తని కరెంటు వైరులో 0.75 చదరపు మిల్లీమీటర్ల రకానికి 24 పోగులు, 1 చదరపు మిల్లీమీటరు రకానికి 32 పోగులు ఉంటాయి. ఒక్కో పోగు మందం 0.2 మిల్లీమీటర్లు. దాన్ని 72తో హెచ్చిస్తే 14.4 మిల్లీమీటర్లు వస్తుంది, అంటే మనిషి చేతితో పట్టుకుని టాంకు ఎక్కే కమ్మికి సరిపోయే మందం. ఇంతకంటే లావుపాటి తీగ కావాలంటే మోటార్ వైండింగ్ షాపులో అడగండి. రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్లు కాలిపోయి రిపేరుకు వస్తూనే ఉంటాయి కాబట్టి మన కోస్తాలో ఆ తీగ ముక్కలకు కరువు ఉండదు.

ముందుగా ప్లాస్టిక్ గట్టును కొత్త బ్లేడుతో చెక్కేసి, ఆ చోటును నునుపు చేయండి. గట్టు రెండు కొసలు ఉన్న చోట సూదిమొనతో చుక్క గుచ్చి, అక్కడ 0.3 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టును చేతితో తిప్పే చిన్న పిడిలో (పిన్ వైస్‌లో) బిగించి నెమ్మదిగా తిప్పండి. ముందు చుక్క గుచ్చకపోతే బిట్టు గుండ్రని టరెట్ మీద జారిపోతుంది. రాగి పోగు వంకరలు పోవాలంటే దాన్ని చదునైన రాతి మీద పెట్టి, పైన ఉక్కు స్కేలు ఆనించి ముందుకూ వెనక్కూ దొర్లించండి. చీమకుర్తి గ్రానైట్ పాలిష్ ముక్క ఒకటి సంపాదించుకుంటే ఈ పనికీ, దాని మీద వాటర్ పేపరు అంటించి భాగాలు చదును చేయడానికీ ఎంతో అనువుగా ఉంటుంది. కమ్ములన్నీ ఒకే కొలతలో రావాలంటే, కమ్మి పొడవుకు సరిపడే వెడల్పుతో ప్లాస్టిక్ పట్టీ ఒకటి కోసుకుని, పోగును దాని మీదుగా రెండు వైపులా వంచండి. శ్రావణంతో పట్టుకుని రెండు కాళ్లను రంధ్రాలలో దించి, ఆ పట్టీనే కమ్మి కింద ఆసరాగా ఉంచితే టరెట్ నుండి ఎత్తు కూడా అన్నిటికీ సమానంగా వస్తుంది. జిగురు మాత్రం టరెట్ లోపలి వైపు నుండి, సూది మొనతో ఒక్క బొట్టు పెట్టాలి. బయట పెడితే కమ్మి మొదట్లో ముద్ద కట్టి, పడిన శ్రమంతా వృథా అవుతుంది.

టాంకును లాగే ఉక్కు తాడుకూ ఈ పోగులే పనికొస్తాయి. మూడు పోగులను కలిపి ఒక కొసను బిగించి, రెండో కొసను చేతి డ్రిల్లులో పెట్టి బిర్రుగా పురి తిప్పితే సుమారు 0.43 మిల్లీమీటర్ల తాడు వస్తుంది. అది అసలు కొలతలో 31 మిల్లీమీటర్లు. పేనిన తాడును ఒక్క క్షణం మంట మీద చూపిస్తే రాగి మెత్తబడి, పెట్టిన వంపులోనే ఒదిగి ఉంటుంది.

రేకు భాగాలకు కూల్‌డ్రింక్ టిన్ను రేకు పనికివస్తుంది. దాని మందం దాదాపు 0.1 మిల్లీమీటర్లు, అంటే మన లెక్కలో ఏడు మిల్లీమీటర్లు. వెనుక ఇంధన డ్రమ్ములను పట్టి ఉంచే పట్టీలకు ఇదీ మందమే అవుతుంది కాబట్టి, వాటికి మాత్రల అట్ట వెనుక ఉండే రేకును సన్నగా కోసి వాడండి. టి-55 వెనుక కట్టి ఉండే దుంగకు కొబ్బరి చీపురు ఈనె మొదటి భాగం సరైన లావు ఉంటుంది. బురదలో దిగబడినప్పుడు ట్రాకులకు (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాలకు) అడ్డంగా కట్టి, దాని మీదుగా టాంకు బయటికి రావడానికి ఉద్దేశించిన దుంగ అది. అందుచేత ఈనె మీది మెరుపును గీకేసి, అక్కడక్కడ నొక్కులు పడేటట్టు చేస్తే సహజంగా ఉంటుంది.

ఇంజిన్ పైకప్పు మీది జాలీకి దోమతెర వలను వాడుతున్నామని కొందరు రాశారు. 1/72లో అది ఏమాత్రం నప్పదు, దాని కన్నులు అసలు కొలతలో ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లవుతాయి. రొయ్య పిల్లల హేచరీలలో నీరు వడగట్టే నైలాన్ మెష్ మైక్రాన్ల లెక్కన దొరుకుతుంది. అందులో 200 మైక్రాన్ల రకం కన్ను మన లెక్కలో 14 మిల్లీమీటర్లకు కొద్దిగా ఎక్కువ. అరచేతి వెడల్పు ముక్క ఉంటే ఎన్నో టాంకులకు వస్తుంది.

కొలతలకు ఫొటోలే ఆధారం. మహారాష్ట్రలోని అహిల్యానగర్, అంటే పాత అహ్మద్‌నగర్‌లో ఉన్న కావల్రీ టాంక్ మ్యూజియంలో రకరకాల టాంకులను దగ్గరగా చూడవచ్చు. కూడళ్లలో ప్రదర్శనకు నిలిపిన టాంకుల ఫొటోలను మాత్రం జాగ్రత్తగా వాడుకోవాలి. వాటిలో చాలావాటికి చిన్న అమరికలు ఊడిపోయి, మూతలు వెల్డింగ్ చేసి, పొర మీద పొరగా రంగు వేసి ఉంటుంది కాబట్టి, సైన్యంలో తిరిగిన కాలం నాటి ఫొటోతో పోల్చకుండా వాటిని నమ్మకూడదు.

ప్రశ్న: ఫెవిక్విక్ తెరిచిన వారం రోజుల్లోనే గడ్డకడుతోంది. అంటించిన భాగాల చుట్టూ తెల్లని పొగలాంటి మరక కూడా పడుతోంది. కారణం ఏమిటి? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

రెండింటికీ కారణం గాలిలోని తేమే. ఈ రకం జిగురు గాలిలోని తేమ తగిలి గట్టిపడుతుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ తేమకు కొదవ లేదు. జిగురు నుండి లేచిన ఆవిరి తేమతో కలిసి చుట్టుపక్కల తెల్లని పొడిగా పేరుకుంటుంది. జిగురు తక్కువ వాడి, అంటించిన భాగాన్ని వెంటనే డబ్బాలో మూసిపెట్టకుండా గాలి ఆడేచోట ఉంచితే మరక బాగా తగ్గుతుంది. ట్యూబును మందుల సీసాలలో వచ్చే సిలికా జెల్ పొట్లంతో సహా బిగుతు మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా మూత తెరవవద్దు, తెరిస్తే లోపలే తేమ పడుతుంది. ఉప్పుగాలికి ఉక్కు గుండుసూదులు తుప్పుపట్టి రంగులోంచి మరక పైకి వస్తుంది కనుక, కమ్ములకూ కడ్డీలకూ రాగి, ఇత్తడి మాత్రమే వాడండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. అబ్దుల్ హమీద్ గారి జీపును 1/72లో చేయాలని ఉంది. నా దగ్గర జీపు కిట్ ఉంది కానీ దాని మీద ఫిరంగి లేదు. ఎలా చేయాలి? (ఒక విద్యార్థి, కందుకూరు)

బాబూ, చాలా మంచి పని తలపెట్టావు. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ రంగంలో, అసల్ ఉత్తర్ దగ్గర, 4వ గ్రెనేడియర్స్ బెటాలియన్‌కు చెందిన కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దారు అబ్దుల్ హమీద్ పాకిస్తాన్ సైన్యపు పాటన్ టాంకులను ఎదుర్కొన్నది జీపు మీద అమర్చిన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ ఫిరంగితోనే. ఆయన ఆ పోరులో వీరమరణం పొందారు, దేశం ఆయనకు పరమవీర చక్ర ఇచ్చింది.

ఆ ఫిరంగి పొడవు సుమారు 3.4 మీటర్లు, రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపు పొడవు సుమారు 3.3 మీటర్లు. జీపంత పొడవైన ఫిరంగి అన్నమాట. చాలామంది దాన్ని పొట్టిగా చేస్తారు, నువ్వు 47 మిల్లీమీటర్లు తగ్గకుండా చూసుకో. గొట్టానికి పశువుల మందుల షాపులో దొరికే 16 నంబరు సూది తీసుకో. దాని బయటి మందం 1.65 మిల్లీమీటర్లు, అసలు కొలతలో 119 మిల్లీమీటర్లు. సీలు తీయని కొత్త సూదే కావాలి, ఒకసారి వాడినదాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోవద్దు. పదునైన మొనను కోసే పని నాన్నగారికి అప్పగించు. కటింగ్ ప్లయర్‌తో నొక్కితే గొట్టం చదునై పోతుంది కాబట్టి, సన్నని ఆకురాయితో చుట్టూ గీత పడేదాకా రాసి విరవాలని వారికి చెప్పు.

ఈ రకం ఫిరంగి పేలినప్పుడు వాయువు కొంత వెనక్కి కూడా పోతుంది. అందుకే జీపు లాంటి తేలికైన బండి దాని తాకిడిని తట్టుకోగలుగుతుంది. మందుగుండు ఉండే వెనుక భాగం గొట్టం కంటే లావుగా ఉంటుంది. సన్నని కాగితం పట్టీని సూది చుట్టూ బిగువుగా చుట్టి, జిగురు పీల్పించి, ఆరాక వాటర్ పేపరుతో నున్నగా చేస్తే ఆ లావు చక్కగా వస్తుంది. గొట్టం పైన గురి చూసుకోవడానికి వాడే సన్నని తుపాకీ ఒకటి ఉంటుంది, దానికి 26 నంబరు సూది ముక్క సరిపోతుంది. వెనుక సీటు పక్కన 20 లీటర్ల జెర్రీ క్యాన్ (ఇంధనం నింపే డబ్బా) పెట్టాలనుకుంటే 6.5 మిల్లీమీటర్ల ఎత్తు, 4.8 వెడల్పు, 2.3 మందంతో ప్లాస్టిక్ ముక్క కోసుకో. కప్పుల ప్లాస్టిక్ వాడేటట్టయితే అడుగున త్రికోణంలో 6 అంకె ఉన్నదే తీసుకో, 5 అంకె ఉన్నది కిట్ జిగురుకు అంటుకోదు.

ప్రశ్న: మా ఇంట్లో పాత అభ్రకం పలకలు ఉన్నాయి. జీపు అద్దాలకు వాడవచ్చునా? (ఒక పాఠకుడు, గూడూరు)

వాడవచ్చు, వాడాలని నేను కోరుకుంటున్నాను. గూడూరు, సైదాపురం గనుల అభ్రకానికి ఇంతకంటే ముచ్చటైన వినియోగం నాకు తోచడం లేదు. బండి అద్దం అసలు మందం అయిదు, ఆరు మిల్లీమీటర్లు అనుకుంటే 1/72లో అది 0.07, 0.08 మిల్లీమీటర్లు. కిట్‌లో వచ్చే దళసరి ప్లాస్టిక్ అద్దం దీనికి దరిదాపుల్లో కూడా ఉండదు. అభ్రకాన్ని మాత్రం మూల దగ్గర సూదిమొన చొప్పిస్తే పొరలు పొరలుగా విడదీయవచ్చు. కత్తెరతో కోస్తే అంచులు పొరలు లేస్తాయి. దాని మీద సెల్లోటేపు అంటించి, గాజు పలక మీద పెట్టి, కొత్త బ్లేడుతో ఒకే చోట పలుమార్లు తేలికగా గీయండి. అంటించడానికి నీళ్లు కలిపిన ఫెవికాల్ వాడండి, ఫెవిక్విక్ ఆవిరికి అద్దం మసకబారుతుంది. అభ్రకాన్ని పొడిగా అరగదీయవద్దు, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ప్రశ్న: కష్టపడి చేసిన సన్నని భాగాలు రంగు వేశాక పూడుకుపోయి మొద్దుగా తయారవుతున్నాయి. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, మార్కాపురం)

ఇక్కడ కూడా మందం లెక్కే. 0.2 మిల్లీమీటర్ల కమ్మి మీద అన్ని వైపులా 0.05 మిల్లీమీటర్ల పూత పడితే అది 0.3 అవుతుంది, అంటే 14 మిల్లీమీటర్ల కమ్మి కాస్తా 21 మిల్లీమీటర్లు దాటుతుంది. ముందుగా నమూనాను గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. చేతి జిడ్డు పోతే పలుచని రంగు కూడా చక్కగా పట్టుకుంటుంది. ప్రైమరు పూత రాగి రంగు పూర్తిగా కప్పబడేంత వేయనక్కరలేదు, పలుచగా పొగమంచు పట్టినట్టు ఉంటే చాలు. రంగును పాలకంటే పలుచగా కలుపుకుని, రెండు మూడు పూతలుగా, ఒకటి బాగా ఆరిన తరువాతే మరొకటి వేయండి. జాలీ కన్నుల్లో రంగు నిలబడితే, అది తడిగా ఉండగానే పొడి కుంచెను ఆనించి పీల్చేయండి. ఎండాకాలం మధ్యాహ్నం మీ ప్రాంతపు వడగాడ్పులో ఎక్రిలిక్ రంగు కుంచె మీదే ఆరిపోతుంది, గీతలు పడేది కూడా అందువల్లే. అటువంటి రోజుల్లో రంగు పనిని తెల్లవారుజామున పెట్టుకుని, జాలీని మాత్రం విడిగా రంగు వేసి ఆఖరున అంటించండి.