ఇంటి బీమా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా ఇంట్లోకి వచ్చింది. హోమ్‌లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకువాళ్లు ఇన్సూరెన్స్ కట్టించుకున్నారు. మళ్లీ వరదొస్తే ఆ పాలసీ అక్కరకొస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జ: ముందు ఆ పాలసీ కాగితం తీసి చూడండమ్మా. అందులో మీవారి వయసు, నామినీ పేరు, ఏటా తగ్గుతూ పోయే లోను మొత్తం ఉంటే అది మనిషి ప్రాణానికి చేసిన బీమా. గోడ కూలినా పైసా రాదు. ఇంటి చిరునామా, కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే నేల వైశాల్యం), సామాను విలువ రాసి ఉంటేనే అది ఇంటి బీమా. ఈ రెండింటికీ తేడా తెలియక వరదొచ్చాక ఖంగుతినేవాళ్లు చాలామంది.

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు (జీవిత బీమా కానివి) 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ ఇస్తున్నాయి. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం, నీళ్ల ట్యాంకు పగలడం అన్నీ అందులోకి వస్తాయి. ఏళ్లతరబడి చెమ్మ దిగి ఊడిన పెచ్చులు రావు. నగలకూ బీమా కావాలంటే విడిగా రాయించాలి.

ఒకవేళ నీళ్లొస్తే బురద కడిగేముందే గోడమీది నీటిచారను, పక్కన టేపు పెట్టి, ఫొటో తీయండి. తడిసిన ఫ్రిజ్‌నూ పరుపులనూ నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ చూసేదాకా పారేయకండి. కంపెనీకి వెంటనే కబురు చేయండి.

ప్ర: ఫ్లాటు 70 లక్షలకు కొన్నాం. బీమా కూడా 70 లక్షలకే చేయించమంటున్నాడు ఏజెంటు.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జ: వద్దండి. ఆ 70 లక్షల్లో స్థలం విలువ కూడా ఉంటుంది. స్థలం కాలిపోదు, కొట్టుకుపోదు. కార్పెట్ ఏరియాను ఇవాళ్టి కట్టుబడి ఖర్చుతో గుణించాలి. ఉదాహరణకు వెయ్యి చదరపు అడుగులు, అడుగుకు 2,200 రూపాయలు అనుకుంటే 22 లక్షలు. సామానుకు అందులో 20 శాతం, అంటే 4,40,000, జాబితా ఇవ్వకుండానే కలుస్తుంది (గరిష్ఠంగా 10 లక్షలు). 70 లక్షలకు ప్రీమియం కట్టినా మీకు వచ్చేది మరమ్మతుకో, తిరిగి కట్టడానికో అయిన ఖర్చే. కార్పెట్ ఏరియా మాత్రం ఉన్నదున్నట్టు రాయండి, తప్పు రాస్తే క్లెయిము దగ్గర చిక్కు.

ప్ర: నమ్మదగిన ఏజెంటును గుర్తుపట్టేదెలా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జ: "ఇంట్లో దొంగలు పడితే డబ్బొస్తుందా?" అని అడగండి. 'భారత్ గృహ రక్ష' మూల పాలసీలో మామూలు దొంగతనానికి రాదు. వరదో అగ్నిప్రమాదమో జరిగాక ఏడు రోజుల్లోపు జరిగే చోరీకే వస్తుంది, మిగతాదానికి విడిగా కవర్ తీసుకోవాలి. "అన్నీ వస్తాయండీ" అని తేలిగ్గా చెప్పేసినవాడు పాలసీ చదవలేదన్నమాట.

ఏజెన్సీ కోడ్ నంబరు అడిగి, కంపెనీ ఆఫీసులో సరిచూసుకోండి. ఖాళీ ప్రపోజల్ ఫారం (బీమా దరఖాస్తు) మీద సంతకం పెట్టొద్దు. డబ్బు కంపెనీ పేరుకే కట్టాలి, ఏజెంటు ఫోన్‌పేకు కాదు. కంపెనీకి ప్రీమియం ముట్టేదాకా మీ ఇంటికి బీమా లేనట్టే. కమిషన్‌లో వాటా వెనక్కిస్తానంటే ఒప్పుకోకండి, ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ చట్టవిరుద్ధం.

పేచీ వస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను (బీమా పేచీలు తీర్చే అధికారిని) ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే కార్యాలయం, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.