పాప పావుగంటకే దిక్కులు చూస్తోంది

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. అమలాపురంలో ఆదివారం సంగీతం క్లాసుకు పంపుతున్నాం. పావుగంట కాగానే కిటికీలోంచి దిక్కులు చూస్తుందట. మాన్పించేయమంటారా?

జవాబు: వద్దమ్మా, మాన్పించకండి. ఆ వయసులో పావుగంట కుదురుగా కూర్చోవడమే ఎక్కువ, అసలు గంట క్లాసు పెట్టడమే నాకు నచ్చదు. ఆదివారం నేర్చింది మళ్లీ ఆదివారానికి గుర్తుండదు కాబట్టి రోజూ సాయంత్రం ఓ పది నిమిషాలు ఫోన్లో శ్రుతి (పాటకు ఆధారంగా వెనక మోగే స్వరం) పెట్టి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, మాయామాళవగౌళ రాగంలో మొదటి సరళీ వరుస (సరిగమల తొలి పాఠం) మీరూ కలిసి పాడండి. ఆదితాళం తన చేత్తోనే వేయించండి: ఒక దెబ్బ, చిటికెనవేలి నుంచి మూడు వేళ్లు, తర్వాత ఒక దెబ్బ, ఒక విసురు (అరచేయి పైకి తిప్పడం), ఈ జత రెండుసార్లు, మొత్తం 8. పిల్లలకిది ఆటలా ఉంటుంది. శ్రుతి మాత్రం పాప గొంతుకి సరిపోయేదే పెట్టాలి, మీ గొంతుకి కాదు. మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్లకే కచేరీ చేశారు కదా అని పోల్చి, దయచేసి తొందరపెట్టకండి.